ఖాళీ సీసాకు పదకొండు సంతకాలు

సిరిమడుగు వాగు కట్ట తెగి, జిల్లా విద్యాశాఖ కార్యాలయంలో నడుము లోతు నీళ్లు నిలిచిన ఏడాది దాటి, ఆ తర్వాతి ఎండాకాలంలో జరిగిన సంగతి ఇది. ఆ చుట్టుపక్కల పురుళ్లకూ పెళ్లిళ్లకూ అదే లెక్క. వరదకు ముందు పుట్టినోడు, వరద తర్వాత ఈనిన బర్రె.

ఆ వరదలో మనుషులెవరూ పోలేదు. నలభై ఏళ్ల ఫైళ్లు పోయాయి. నీళ్లు తీశాక బీరువాలు తెరిస్తే లోపల ఫైళ్ల బదులు నానబెట్టిన అటుకుల్లాంటి ముద్ద ఉంది. పారలతో ఎత్తి ట్రాక్టర్లో పోశారు. ఇక ఇట్లా జరక్కూడదని శాఖ పెద్దలు మూడు రోజులు కూర్చుని రెండు నిర్ణయాలు చేశారు. కట్ట బాగుచేయించాలన్నది ఆ రెంటిలో లేదు.

మొదటి నిర్ణయం, ఇకమీదట కాగితమే ఉండకూడదు. ఫైలు కంప్యూటర్లో పుట్టాలి, కంప్యూటర్లోనే ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు నడవాలి, సంతకం కూడా అందులోనే పడాలి. ప్రతి అధికారికీ వేలెడంత పుల్ల ఒకటి ఇచ్చారు. దాన్ని కంప్యూటర్లో గుచ్చితే సంతకం అయినట్టు.

రెండో నిర్ణయం, జిల్లాలో ఏ బడిలోనూ తడి ఉండకూడదు. దీనికి 'తడిలేని బడి' అని పేరు. బడికి ఐదు నక్షత్రాలు ఇస్తారు. నెలకోసారి తనిఖీ సారు వచ్చి చిన్న మీటరు నేలకూ గోడకూ ఆనించి తడి కొలుస్తాడు. ఎర్రలైటు వెలిగితే ఒక నక్షత్రం పోతుంది, పెద్దమేడంకు నోటీసు వస్తుంది. దాంతో మంచినీళ్ల కుండలు గేటు బయటికి పోయాయి. పిల్లలు బయట తాగి, మూతి తుడుచుకుని లోపలికి రావాలి. ఒకటో తరగతి పిల్లలు ఏడుపు మొదలుపెడితే కన్నీళ్లు కిందపడక ముందే ఆయమ్మ ఎత్తుకుని గేటు దాటించేది.

గుమ్మడి ఓదెలు ఈ నిర్ణయాల గురించి అప్పుడు వినలేదు. విన్నా ఏమీ అనేవాడు కాదు. ఉప్పుడు బియ్యం మిల్లులో, బాయిలరు దగ్గర ముప్పై ఎనిమిదేళ్లు పనిచేసిన మనిషి. ఆ మోతలో ఒకరి మాట ఒకరికి వినబడదు కనుక మాట్లాడటం తగ్గించుకున్నాడు. పని మానేశాక మళ్లీ పెంచుకోలేదు. చదివింది మూడో తరగతి. పేరు రాసుకోగలడు, బస్సు బోర్డు కూడబలుక్కోగలడు. ముప్పై ఎనిమిదేళ్లలో అతని ఒంట్లోంచి కారిన చెమటంతా ఒకచోట పోస్తే చిన్న కుంట నిండేది. దానికి ఎవడూ నమూనా అడగలేదు.

అట్లాంటివాడికి చుక్క చెమట పట్టని మనవరాలు పుట్టింది.

హంసికకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. జుట్టు పలచన. పళ్లు నాలుగే, అవీ మొనదేలి ఉంటాయి. పెద్దాసుపత్రి పిల్లల డాక్టరు దానికి మూరెడు ఇంగ్లీషు పేరు చెప్పి, తర్వాత అందరికీ అర్థమయ్యేట్టు చెప్పాడు. "వేడెక్కితే మనకు చెమట పట్టి ఒళ్లు చల్లబడుతుంది. ఈ పిల్లకు చెమట గ్రంథులే లేవు. ఎండాకాలం ఒంటిమీద తడిబట్ట ఆరనివ్వకండి. వేరే మందు లేదు."

బాయిలరు దగ్గర బతికినవాడికి ఇంతకంటే చెప్పనక్కర్లేదు. ఆవిరి పోయే దారి మూసుకుపోతే ఏమవుతుందో ఓదెలుకు తెలుసు. నిరుడు మార్చిలో ఒకరోజు తువ్వాల ఇంట్లో మరిచిపోయి పోతే, పదకొండు గంటలకు పిల్ల బడిలోనే కళ్లు తేలేసింది. నూటనాలుగు జ్వరం, ఫిట్స్. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. అప్పటినుంచి కొడుకు లారీ మీదా, కోడలు సువర్ణ బీడీల చాట మీదా ఉంటే, పిల్లనూ తువ్వాలనూ ఓదెలే చూసుకుంటున్నాడు.

*

మార్చి మొదటి వారంలో, మెడచుట్టూ తడి తువ్వాలతో వచ్చిన హంసికను గేటు దగ్గరే వసుంధర మేడం ఆపింది. ఆ బడికి ఆమే పెద్దమేడం. చెడ్డ మనిషి కాదు. చలికాలం తనిఖీలో ఆమె బడికి ఐదు నక్షత్రాలూ వచ్చాయి. అప్పటినుంచి ఆమె కళ్లు నేలమీదే ఉంటున్నాయి, ఎక్కడ చుక్క పడుతుందోనని.

"తాతా, ఈ తువ్వాల నుంచి నీళ్లు కారుతున్నయి."

"ఆరితె జరమొస్తది మేడం."

"నాకెరుకనే తాతా, నిరుడు ఆటో పిలిచింది నేనే కదా. కానీ ఇప్పుడిది తడిలేని బడి. తనిఖీ సారు మీటరు పెడితే ఈ పిల్ల కూసున్న బండ మీద ఎర్రలైటు వెలుగుతది."

"పిల్ల పడిపోతె ఏ లైటు వెలుగుతది?"

"దానికి మీటరియ్యలేదు తాతా," అంది మేడం నిజాయితీగా.

హంసిక కలగజేసుకుంది. "మేడం, పొడిగ వస్తే నేను మాడిపోత. తడిగ వస్తే మీ నక్షత్రం మాడిపోతది. మీరే చెప్పున్రి, ఏది మాడితె మంచిగుంటది?"

"నాలుగు పళ్లతోనే ఇన్ని మాటలా! ముప్పై రెండుంటే బడి నేనెక్కడ నడుపుదును?" అని మేడం నవ్వబోయి మానుకుంది. "తాతా, జిల్లా ఆఫీసుకు పోయి మినహాయింపు పెట్టుకో. సంతకాలైన ఉత్తర్వు నా ఫోనుకొస్తే తెల్లారే లోపలికి తీసుకుంట. అందాక పొడిగ పంపియ్యి, లేకుంటే ఇంటికాడ ఉంచుకో. ఏప్రిల్ నడుమల ఏడాది పరీక్షలు. అప్పటికన్న తెచ్చుకో. రాయకుంటే పిల్ల ఏడు పోతది."

ఓదెలు తల ఊపి, పిల్ల చెయ్యి పట్టుకుని జిల్లా ఆఫీసుకు పోయే బస్సు కోసం నడిచాడు.

*

జిల్లా కార్యాలయానికి కొత్త రంగు వేశారు. లోపల వెతికినా కాగితం ముక్క లేదు. చివరన గాజు తలుపుల గది ఒకటి ఉంది. అందులో నల్లటి పెట్టెలు వరుసగా నిలబడి కూ అంటున్నాయి. సంతకాలన్నీ ఆ పెట్టెల్లోంచే నడుస్తాయట. అవి వేడెక్కకూడదని ఆఫీసులో ఉన్న ఏసీలన్నీ పీకి ఆ గదికే బిగించారు. మనుషులకు ఫ్యాన్లు మిగిలాయి. పెట్టె వేడెక్కితే ప్రమాదమని కనిపెట్టినవాళ్లకు పిల్ల సంగతి చెప్పడం తేలికేనని ఓదెలు అనుకున్నాడు. అతను జీవితంలో చేసిన తప్పు అంచనాలు తక్కువ. వాటిలో ఇది ఒకటి.

పర్యవేక్షకుడు నిరంజనాచారి డాక్టరు చీటీని రెండు వేళ్లతో పట్టుకుని, చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు దూరంగా ఉంచాడు.

"ఇది కాగితము."

"డాక్టరు సారు రాసిచ్చిండు."

"రాయవచ్చును. కాగితము తడిసి నశించు స్వభావము గల పదార్థము. వరద అనుభవముల దృష్ట్యా దీనిని సాక్ష్యముగా స్వీకరించజాలము. డాక్టరు గారు ఎలక్ట్రానిక్ సంతకము చేయవలెను."

"సారుకు గా పుల్ల ఉన్నదట."

"ఉండవచ్చును. వారు వైద్యశాఖ. వారి సంతకము మా యంత్రమునకు పరిచయము లేదు." నిరంజనాచారి కంప్యూటరు వైపు తిరిగాడు. "అయినను చూతము. అసాధారణ బాల్య వ్యాధుల జాబితా తెరిచితిని. మొత్తము అరవై రెండు. చెమట క్రింద ఒకటే కలదు. 'అతి చెమట'. పెట్టమందురా?"

"అతి కాదు సారూ. అసలే లేదు."

"అసలే లేనిది జాబితాలో ఎట్లుండును పెద్దమనిషీ? ఉన్నవే కదా జాబితాలో ఉండునవి!" పక్క బల్లల వాళ్లు ఈ మాటకు మెచ్చుకోలుగా తలలూపారు. "కొత్త వ్యాధిని చేర్చవలెనన్న నమూనా సమర్పించవలెను. చెమట వ్యాధికి చెమట నమూనా."

"చెమట రాకపోవుడే జబ్బు సారూ."

"అది నమూనా చూచి తేల్చవలసిన విషయము. ముందే మీరు తేల్చినచో మేమెందుకు?"

ఓదెలు దగ్గర ఈ ప్రశ్నకు జవాబు ఉంది. అయినా చీటీ మడిచి జేబులో పెట్టుకుని, నమూనా ఎక్కడ ఇవ్వాలని అడిగాడు.

*

ఆఫీసు వెనకాలే నమూనాల పరీక్షల గది. అక్కడి మనిషి హంసిక పేరూ నంబరూ ఉన్న చీటీ అంటించిన గాజు సీసా ఇచ్చి, బయట ఎండ చూపించాడు. "గంట సేపు గా రేకుల కింద నిలబెట్టు పెద్దాయనా. ఒక్క చుక్కన్న రాకపోతదా?"

ఓదెలు అతని మొహంలోకి చూశాడు. అంత సేపు ఎవరి మొహంలోకీ అతను చూడడు. తర్వాత పిల్ల చెయ్యి పొడిబట్టతో తుడిచి, సీసా మూత తీసి మోచేతికి ఆనించి, నూరు లెక్కపెట్టి, మూత బిగించి బల్లమీద పెట్టాడు.

"ఖాళీగుంది," అన్నాడా మనిషి.

"గదే నమూనా."

ఆ మనిషి కంప్యూటర్లో సున్నా కొట్టాడు. సున్నా చెల్లదని యంత్రం ఎర్రగా చూపించింది. ఇంకోసారి కొట్టాడు. ఇంకోసారి చూపించింది. యంత్రంతో వాదన ఎందుకని, సీసాకు సంచి తొడిగి నిరంజనాచారి దగ్గరికే తిప్పి పంపాడు.

నిరంజనాచారి సీసాను దీపానికెత్తి చూశాడు. అతని ముఖంలో మొదటిసారి ఉత్సాహం కనబడింది.

"శూన్య నమూనా! దీనికి ప్రత్యేక మార్గము కలదు. ఉన్నదానిని ఒకరు చూచినను చాలును. లేనిదానిని పదకొండుగురు చూడవలెను. ఒక్కరే లేదన్నచో మోసమునకు తావు గదా? ప్రతి అధికారి సీసాను స్వయముగా పరిశీలించి, 'ఏమియు లేదని చూచితిని' అని సంతకము చేయును. పదకొండు సంతకములు పూర్తియైన పిమ్మట ఉత్తర్వు దానంతటదే పుట్టును."

"ఎన్నొద్దులు పడతయి సారూ?"

"లేనిదానిని చూచుటకు సమయము పట్టును," అన్నాడు నిరంజనాచారి.

*

నాలుగో రోజున విభాకర్ దిగాడు. డాక్టర్ విభాకర్. మందులిచ్చే డాక్టరు కాదు, పరిశోధనలు రాసే డాక్టరు. ఆఫీసుల్లో ఎలక్ట్రానిక్ సంతకం ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు ఎంత వేగంతో నడుస్తుందో కొలవడం అతని చదువు. పిల్లల అరుదైన జబ్బుల ఫైళ్లు ఎంచుకున్నాడు. వాటిల్లో తొందర ఎక్కువ కాబట్టి ఆలస్యం స్పష్టంగా కనబడుతుందట.

"తాతగారూ, మీ మనవరాలు మాకు దొరకడం అదృష్టమండీ!" అని ఓదెలు చెయ్యి పట్టుకుని ఊపాడు. "ఇన్నాళ్లూ ప్రతి ఫైల్లో ఏదో ఒక విషయం ఉండేది. అది మా కొలతలకు అడ్డం వచ్చేది. లోపల ఏమీ లేని ఫైలు మీద సంతకం ఎలా నడుస్తుందో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. ఇది కల్తీ లేని సంతకం!"

"పిల్లకు జెర తొందరుంది సారూ."

"తొందరపెడితే ఫలితాలు పాడవుతాయండీ. సహజంగా ఎంత ఆలస్యమవుతుందో అంతా కావాలి."

అట్లా సీసా బయల్దేరింది. మొదటి అధికారి రెండు రోజులు బల్లమీద పెట్టుకుని చూసి సంతకం చేశాడు. రెండో ఆయన ఐదు నిమిషాల్లో చేసేశాడు. విభాకర్ గీసే ఆలస్యాల పటంలో ఆ గీత పల్లంలా దిగిపోయి కనబడేసరికి, 'ఇంత స్వల్ప వ్యవధిలో శూన్యమును సమగ్రముగా ఎట్లు పరిశీలించితిరి?' అని ఆయనకు తాఖీదు వచ్చింది. ఆయన భయపడి సంతకం వెనక్కి తీసుకుని, సీసాను నాలుగు రోజులు దగ్గర పెట్టుకుని, మళ్లీ చేశాడు. నాలుగో ఆయన సైన్సు చదివినవాడు. సీసాలో గాలి ఉన్నందున ఏమియు లేదనుట సరికాదని రాశాడు. దాని మీద ఒక కమిటీ కూర్చుంది. గాలిని ఏమీ లేనిదానికింద లెక్కించవచ్చునని తేల్చి, ఒక టీ తాగి లేచింది. ఏడో ఆవిడ సెలవులో ఉంది. ఆవిడ పుల్ల బీరువాలో ఉంది, బీరువా తాళం ఆవిడతో తిరుపతిలో ఉంది.

ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందంటారు. ఆ సీసా జిల్లా ఆఫీసు మూడంతస్తులూ ఎక్కి దిగింది.

*

మార్చి నడుమ ఒంటిపూట బడులు పెట్టారు. హంసిక ఇంట్లో ఉండనంది. బడి కాంపౌండు లోపల తడి ఉండకూడదు గానీ, గోడ అవతలికి మీటరు రాదు. నాలుగో తరగతి కిటికీకి ఎదురుగా గోడ బయట రాయి మీద తడి తువ్వాల కప్పుకుని కూర్చుని, లోపల చెప్పే పాఠం వినేది. ఓదెలు గొడుగు పట్టుకుని పక్కనే నిలబడి, గడియకోసారి చెంబుతో నీళ్లు చిలకరించేవాడు. ఎక్కాలు లోపలివాళ్లకంటే ముందు గోడ అవతల నుంచే వినబడేవి.

"తాతా, ఎన్ని సంతకాలైనయి?"

"ఆరు."

"నా సీసల ఏం లేదని ఇంకా నమ్ముతలేరా?"

"ఆరుగురు నమ్మిన్రు."

"నాకు చెమట పడితె అయిపోతుండె. ఒక్కరు నమ్మితె సరిపోతుండె," అంది హంసిక.

సాయంత్రం సువర్ణ బీడీల చాట పక్కకు నెట్టి లేచింది. "మామా, నువ్వు నోరు తెరువవు గాబట్టే గిట్ల ఆడుకుంటున్నరు. నేను పోత. పుల్ల బీరువల, బీరువ తాళం తిరుపతిల! నా బిడ్డ పాణమెక్కడుందో అడుగుత వాళ్లను."

"అరిస్తె ఇంకో రెండు సంతకాలు పెంచుతరు బిడ్డా," అన్నాడు ఓదెలు. అతనికి అది పెద్ద ఉపన్యాసం కింద లెక్క.

ఏప్రిల్ మొదటి శుక్రవారం ఎండ నలభైమూడు దాటింది. పదిన్నరకు నీళ్లయిపోయి ఓదెలు బిందె పట్టుకుని బోరింగు పంపు దగ్గరికి పోయి నింపుకొచ్చేసరికి, గోడ సెగకు తువ్వాల అప్పడంలా ఎండి ఉంది. హంసిక పన్నెండో ఎక్కం మధ్యలో ఆగిపోయింది. కళ్లు పైకి పోతున్నాయి. ఓదెలు బిందె ఎత్తి పిల్లమీద కుమ్మరించాడు, ఎత్తుకుని పరుగెత్తాడు. లోపలి నుంచి పాఠం ఆపి వసుంధర మేడం బయటికొచ్చి ఆటో పిలిచింది. ఆటో పోయిందాకా నిలబడి, చీరకు అంటిన తడి ఆరేదాకా గేటు బయటే ఉండి, అప్పుడు లోపలికి పోయింది.

ఈసారి మూడు రోజులు ఆసుపత్రి. "ఇంకోసారి ఇట్లా రానివ్వకండి," అన్నాడు డాక్టరు. అంతకు మించి ఆయన పుల్లకు కూడా శక్తి లేదు.

*

ఓదెలు ఆసుపత్రి నుంచి నేరుగా ఆఫీసుకు వెళ్లాడు. సీసా పదకొండో బల్లకు చేరింది. అది డిప్యూటీ డైరెక్టరుది, అంటే ఉపసంచాలకుడిది. విభాకర్ ల్యాప్‌టాపు తెరిచి, ఆఖరి సంతకం పడే క్షణం పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. నిరంజనాచారి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఓదెలు గడప దగ్గర ఆగాడు.

ఆ పొద్దు కరెంటు తక్కువ వస్తోంది. ఉన్న కరెంటంతా గాజు గది తీసుకుంటోంది. ఉపసంచాలకుడి నెత్తిన ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేంత నెమ్మదిగా తిరుగుతోంది. భారీ మనిషి, మెడ దగ్గర చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది.

"నేను గుడ్డిగా సంతకం చేయువాడను కాను," అన్నాడాయన. "మూత తెరిచి చూచినచోనే పరిశీలన యగును."

మూత తీశాడు. సీసాను కంటికి దగ్గరగా పెట్టుకుని లోపలికి తొంగి చూశాడు. నుదుటిమీద పుట్టిన చుక్క ఒకటి కనుబొమలు దాటి, ముక్కు మీదుగా జారి, ముక్కు కొసన ఒక్క క్షణం ఆగి, సీసాలో పడింది.

గదిలో నలుగురూ చూశారు. అందులో ముగ్గురు చూడనట్టే ఉన్నారు.

"ఏదో ఉన్నట్టున్నదే!" అన్నాడు ఉపసంచాలకుడు సీసా ఆడించి.

"గా చుక్క మీది సారూ," అన్నాడు ఓదెలు గడప దగ్గర నుంచి.

నిరంజనాచారే ముందు తేరుకున్నాడు. "పెద్దమనిషీ! సీసాపై ఎవరి పేరున్నది?"

"మా పిల్లది."

"సారువారి పేరున్నదా?"

"లేదు."

"పదిమంది అధికారుల సంతకములు ఎవరి సీసాపై ఉన్నవి?"

"మా పిల్ల సీస మీద."

"కాబట్టి సీసాలోనిది ఎవరిది? సారువారిదని ఎచ్చటనైనను సంతకమున్నదా?"

సారు నుదురు తుడుచుకున్నాడు. విభాకర్ ల్యాప్‌టాపులోంచి తలెత్తాడు. అతని కళ్లు మెరుస్తున్నాయి. "శూన్యంలోంచి ఫలితం! పది సంతకాల ప్రయాణంలోనే ఫైల్లో విషయం పుట్టింది! తాతగారూ, ఇది ఎంత పెద్ద సంగతో మీకు తెలియదు."

ఓదెలుకు తెలుసు. అది ఎంత పెద్దదో అతను కళ్లారా చూశాడు. జొన్నగింజంత.

ఉపసంచాలకుడు పుల్ల గుచ్చాడు. సీసా పరీక్షల గదికి పోయింది. యంత్రం ఈసారి ఎర్రగా చూపించలేదు. సున్నా కాదు గదా.

*

మూడో రోజు ఓదెలును పిలిపించారు. తెల్లారితే ఏడాది పరీక్షలు. ఆఫీసులో చిన్న సభ జరుగుతోంది. గోడమీద విభాకర్ గీసిన రంగుల గీతలు పడుతున్నాయి. ఒక్కో సంతకానికి సగటున రెండు రోజుల పన్నెండు గంటలు పట్టిందనీ, ఏమీ లేని ఫైలుకు ఇంత శ్రద్ధ ఇంకెక్కడా నమోదు కాలేదనీ చెప్పాడు. చప్పట్లు కొట్టారు. శూన్యాన్ని ఐదు నిమిషాల్లో చూసినాయన కూడా కొట్టాడు, అందరికంటే గట్టిగా.

నిరంజనాచారి గొంతు సవరించుకుని ఉత్తర్వు చదివాడు.

"ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, కుమారి గుమ్మడి హంసిక, నాలుగవ తరగతి, 'అతి చెమట' అను అసాధారణ బాల్య వ్యాధితో బాధపడుచున్నట్లు పదకొండు అంచెలలో నిర్ధారణయైనది. నమూనాయందు చెమట సున్నా నుండి ఒక చుక్కకు పెరిగినందున, పెరుగుదల శాతము లెక్కకు అందనిదై, వ్యాధి తీవ్రమైనదిగా గుర్తించడమైనది. కావున సదరు విద్యార్థిని చెమటచే ఎంత తడిసియున్నను తరగతి గదిలోనికి అనుమతించవలెను. సదరు తడి వలన బడి నక్షత్రములకు నష్టము లేదు. సదరు తడిని శంకించువారు, దాని నమూనాను సీసాలో సేకరించి, పదకొండు సంతకముల మార్గమున పంపవలెను."

మళ్లీ చప్పట్లు.

ఓదెలు చప్పట్లు అయ్యేదాకా ఆగాడు. తర్వాత ముందుకొచ్చాడు. "ఆఖరి మూడు మాటలు మళ్లొకపారి చదువున్రి సారూ."

నిరంజనాచారికి ఆనందమైంది. తన భాషను ఒకరు మళ్లీ చదవమనడం అతని సర్వీసులో అదే మొదటిసారి. రాగం తీసి చదివాడు.

"ఎంత తడిసినా?"

"ఎంత తడిసినను."

"మేడం ఫోనుకు పోయిందా?"

"పోయినది. తృప్తియేనా పెద్దమనిషీ? ఒకటి నుండి ఐదు వరకు నక్షత్రములు నొక్కవలెను," అని నిరంజనాచారి ఫోను ముందుకు చాపాడు.

ఓదెలు వేలు పెట్టలేదు. బస్సుకు టైమయిందన్నాడు.

*

మర్నాడు పొద్దున ఏడున్నరకు ఓదెలు సైకిలుకు రెండు బకెట్లు తగిలించుకుని, హంసికను ముందు కూర్చోబెట్టుకుని బడి గేటు దగ్గర దిగాడు. బకెట్లలో నీళ్లు నిండుగా ఉన్నాయి. వసుంధర మేడం ఫోను చేతపట్టుకుని ఎదురొచ్చింది.

"ఉత్తర్వు వచ్చింది తాతా! నాకు ఎంత సంతోషమైందో. కానీ ఇందుల అతి చెమట అని రాసిన్రేంది? పిల్లేమో పొడిగుంది."

ఓదెలు సైకిలుకు స్టాండు వేశాడు. పిల్ల చేతిలోంచి పరీక్ష అట్టా, పెన్నూ తీసి సైకిలు సీటు మీద పెట్టాడు. మొదటి బకెట్ ఎత్తి హంసిక నెత్తిన నెమ్మదిగా, ఆఖరు చుక్కదాకా పోశాడు. పిల్ల నాలుగు పళ్లూ బయటపెట్టి నవ్వింది. జుట్టులోంచీ, గౌనులోంచీ నీళ్లు ధారగా కారి గేటు గీత దాటి లోపలికి పోయాయి.

"తాతా! ఇవి నీళ్లు కదా?"

"చెమట, మేడం."

"ఎట్ల నమ్ముమంటవు?"

"సీస పట్టుకోన్రి. పదకొండు సంతకాలు."

మేడం ఫోనులో ఉత్తర్వు ఆఖరి వాక్యం మళ్లీ చదువుకుంది. నేలమీద తడిని చూసింది, పిల్లను చూసింది. చాలా రోజుల తర్వాత పిల్లను ఎక్కువసేపు చూసింది. తర్వాత గేటు రెక్క తనే బార్లా తెరిచి పక్కకు జరిగింది.

హంసిక చేతులు మాత్రం తుడుచుకుని, అట్టా పెన్నూ తీసుకుని, బండల మీద తడి పాదాలు వేసుకుంటూ నాలుగో తరగతిలోకి నడిచింది. ఓదెలు రెండో బకెట్‌ను కిటికీ కింద నీడలో పెట్టాడు. తొమ్మిదింటికల్లా పిల్ల చెమట ఆరిపోతుంది. ఆ రెండోది పది దాకా వస్తుంది. తర్వాతి గంటల లెక్క చూసుకుని, ఖాళీ బకెట్ పట్టుకుని బోరింగు దగ్గరికి పోయి కొట్టడం మొదలుపెట్టాడు.